పన్నెండో భాగం ఆఖరి ఆరు పేజీలు

పదమూడేళ్ల వయసులో నాకు దేవుడి కన్నా కుర్ర డిటెక్టివ్ మీదే భక్తి ఎక్కువ. మద్రాసు నుంచి భాగాలు భాగాలుగా వచ్చే ఆ పుస్తకాలలో వాడికి ఎప్పుడూ పదహారేళ్లే. ఈమధ్య మా మనవరాలు పాత పుస్తకాల అంగట్లో ఆ కట్ట మొత్తం దొరికిందని తెచ్చిచ్చింది. ఇప్పుడు చదువుతుంటే ప్రతి భాగంలోనూ దొంగ ఎవరో మూడో పేజీకే తెలిసిపోతోంది (అప్పుడు నా తెలివి ఏ గడ్డి మేసిందో!). అయినా పన్నెండో భాగం చేతికి రాగానే, డెబ్బై దాటిన నేను కళ్లజోడు తుడుచుకుని, ఆఖరి పేజీలు ఉన్నాయో లేవోనని ముందు చూశాను.

ఆ పన్నెండో భాగం అమల్దారు పాపది. వాళ్ల నాయన చింతామణి తాలూకాకు పెద్ద అధికారి. బడిలో నాతో మాట్లాడే ఒకే ఒక్క పట్నం పిల్ల ఆమె. ఒక శుక్రవారం ఆ పుస్తకం నా చేతిలో పెట్టి, "మా నాయనకు వర్గ అయ్యిండాది. సోమవారం పొద్దున్నే ఊరు విడిచి పోతాండాము. బస్సు ఎక్కేలోపల తెచ్చీయల్ల. ఒక్క పేజీ పోయినా నీ మొగం చూడను" అంది. (బదిలీని మా వైపు వర్గ అనే అంటారు.) ఆమె వెళ్లిపోతోందన్న దిగులు ఒకవైపు, ఆ మాట ఇంకోవైపు. పుస్తకం కుట్టు అప్పటికే ఊడి ఉంది, గుండెలకు అదుముకుని ఇంటికి తెచ్చాను.

ఆదివారం మధ్యాహ్నం దొంగ ముసుగు మీద డిటెక్టివ్ చెయ్యి పడింది. పేజీ తిప్పాను. పేజీ లేదు! ఇల్లంతా వెతికి అవ్వను అడిగాను.

"అవా? నిన్న తట్ట మారుస్తా పురుగుల కింద పరిచినా. పనికిరావని నువ్వే ఊడబెరికినావనుకొంటి."

మా ఇంట్లో పట్టుపురుగులే తిండి పెట్టేది. "ఒక్కసారి తీసి చూస్తానవ్వా" అన్నాను.

"తాకితే చెయ్యి ఇరగ్గొడతా! జ్వరానికి పడిండాయి. రేపు సాయంత్రానికి లేస్తాయి, అప్పుడు తీసుకో."

(చర్మం విడిచేముందు పురుగులు ఒక రోజు కదలకుండా ఉంటాయి. అదే జ్వరం. అప్పుడు కదిలిస్తే పంట పోయినట్టే.) రేపు సాయంత్రానికి అమల్దారు పాప ఏ ఊళ్లో ఉంటుందో! తట్ట మీదకు వంగి చూశాను. ఆకుల సందులో ఒక్క వాక్యం కనిపించింది: "అతడు మరెవరో కాదు..." ఆ తర్వాతి పేరు మీద ఒక పురుగు తల పైకెత్తి నిద్రపోతోంది. మెల్లగా ఊదాను. కదల్లేదు. ఏడుపొచ్చింది.

ఇంక గతిలేక నోటుపుస్తకం కాగితాలు చించి ముగింపు నేనే రాశాను. కథ జరిగే మద్రాసు రేవు నేను చూసిన పాపాన పోలేదు. అందుకని దొంగ కారును మా బాగేపల్లి రోడ్డు పట్టించి, పేరేసంద్రలో టైరు పంక్చరు చేశాను. వాడు పట్టుపురుగుల ఇంట్లో దూరితే అక్కడి అవ్వ చీపురుతో నాలుగు తగిలించింది (ఆ దెబ్బలు రాసేటప్పుడు చెయ్యి భలే హుషారుగా నడిచింది). తర్వాత డిటెక్టివ్‌కు వేడివేడి సంగటి పెట్టింది.

సోమవారం బస్సులో కూర్చున్న అమల్దారు పాప నేరుగా ఆఖరి పేజీలే తెరిచింది. "ఇదేమే, చేతిరాత?"

"చినిగిపోతే మా మామ దగ్గర ఇంకో పుస్తకం చూసి రాసినా" అని అబద్ధమాడాను.

"డిటెక్టివు సంగటి తింటాండాడు గదే!"

"ఆకలైతే ఏం చేస్తాడు మరి?"

బస్సు కదిలింది. నేను చెయ్యి ఊపుతూనే ఉన్నాను, ఆమె తలెత్తలేదు, చదువుతూనే ఉంది. ఆ సాయంత్రం పురుగులు లేచాక తీసి చూస్తే, ఆ ఆరు పేజీలూ తడిసి ముద్దై ఒక్క అక్షరం మిగల్లేదు. ఆ తర్వాత టపా ఆయన మా వీధిలోకి వస్తే చాలు, నిలదీస్తూ ఉత్తరం రాసిందేమోనని తలుపు చాటుకు పోయేదాన్ని. ఏ ఉత్తరమూ రాలేదు.

ఇన్నేళ్లకు ఆ ఆరు పేజీలు చదివాను. అతడు మరెవరో కాదు, ఓడ కెప్టెన్. రేవులో చేతులెత్తి లొంగిపోయాడు, అయిపోయింది. "ఓస్, ఇంతేనా!" అని పైకే అనేశాను. నా రాతే నయమనిపించి, ఈ వయసులో గర్వమేమిటని సిగ్గూ వేసింది. ఆమెకు నా మోసం తెలిసిపోతుందని ఇన్నేళ్లూ భయపడ్డాను. ఇప్పుడు మాత్రం, తెలిసి ఉంటే బాగుండుననిపిస్తోంది. ఆ సంగటి పెట్టింది నేనేనని తెలిసేది కదా.