పల్చగా వేసిన కణాలు

అమెరికాలోని పిస్కాటవేలో మాస్టర్స్ చదివేటప్పుడు ల్యాబ్‌లో నాకు పని నేర్పింది వరంగల్ సీనియర్ ఒకతను. ఇద్దరిదీ ఒకటే ప్రయోగం. పళ్లేలలో పెంచిన హామ్‌స్టర్ కణాలకు థయోగ్వానిన్ అనే మందు పోయాలి. అది డీఎన్‌ఏ కట్టుకోవడానికి కణానికి రోజూ కావలసిన ప్యూరిన్ అనే ముడిసరుకులాగే ఉంటుంది. కణం తన ఎంజైముతో దాన్ని మార్చుకుంటే తప్ప విషం కాదు. ఆ ఎంజైము పోగొట్టుకున్న అరుదైన కణాలు మాత్రం బతికి గుంపులు కడతాయి.

నా పళ్లేలలో గుంపులు చాలా వచ్చాయి. అతనివాటిలో ఒకటీ అరా.

"మందు సరిగ్గ కలిపినవా?" అని అడిగాడు.

"కలిపాను అన్నా."

"మరి ఇన్నెట్ల బతికినయ్?"

ఆ రోజు నుంచి నా మందు సీసా ఎత్తి వెలుతురులో చూసేవాడు. నేనూ తక్కువ తినలేదు. తన కణాలే జబ్బుపడ్డాయని, అది కప్పిపుచ్చడానికే నన్ను అంటున్నాడని అనుకున్నాను. ఇంక్యుబేటర్‌లో నా పళ్లేలు కాస్త జరిగినట్టు అనిపించినా అతని మీదే అనుమానం వచ్చేది. లంచ్‌కి కలిసి వెళ్లడం మానేశాం.

చివరికి నా గుంపుల్ని అతని సీసాలోని మందులోనే వేశాను. బతికాయి. ఆ ఎంజైము ఉన్నవి మాత్రమే బతకగల హ్యాట్ ద్రవంలో వేస్తే చచ్చిపోయాయి. అంటే నిజంగా ఎంజైము లేనివే.

"మరి మీ దాంట్లో ఎందుకు రాలేదు అన్నా?"

అతను ముఖం గంటు పెట్టుకున్నాడు. "మళ్ల చేద్దాం. నా ముందట చెయ్యి."

ఒకే ఫ్లాస్క్ కణాలు, ఒకే మందు. అలవాటు ప్రకారం నేను పల్చగా వేశాను, అతను దట్టంగా వేశాడు. మళ్లీ అదే తేడా.

ఆ పళ్లేలు చూశాక మా ప్రొఫెసర్ విషయం చెప్పారు. కణాలు ఒరుసుకుంటూ ఉంటే, మామూలు కణం తాను తయారుచేసిన విషాన్ని పక్కదానికీ అందిస్తుందట. తనంతట తాను బతకగలిగినది కూడా ఇరుగుపొరుగు వల్ల చస్తుందట. అతని పళ్లేలలో జరిగింది అదే.

ఆ వారాంతం దగ్గర్లోని ఐసెలిన్‌లో బిర్యానీ తినడానికి అతని కార్‌లోనే వెళ్లాం.

"సార్‌కి నా గురించి ముందే ఏమన్న చెప్పినవా?" అన్నాడు ఉన్నట్టుండి.

"ఏమీ చెప్పలేదు అన్నా."

రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా సరేనన్నాడు. నమ్మినట్టు లేడు.