పదకొండు అన్నదెవరు?

దయ్యాల మాటెత్తితే నాకు నవ్వొస్తుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పుకుని బతికేవాణ్ణి, రుజువు లేనిదే దేన్నీ ఒప్పుకోను. కొత్తపేటలో ఇల్లు మారినప్పుడు మా ఆవిడ గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కడతానంటే అరగంట వాదించాను. ఓడిపోయాననుకోండి, అది వేరే సంగతి.

ఎనిమిదేళ్లుగా కొందరు మిత్రులతో కలిసి ఒక చిన్న యాత్రా బృందం నడుపుతున్నాను. మాకు జీతాలు లేవు, ఆఫీసు లేదు. నెలకో ఆదివారం పొద్దున్నే ఎల్బీ నగర్‌లో కలుసుకుని, జనం పెద్దగా వెళ్లని కొండలకో అడవులకో వెళ్తాం. వారమంతా షాపుల్లోనూ దవాఖానల్లోనూ పనిచేసి, ఎండ ముఖం చూడనివాళ్లే ఎక్కువగా వస్తారు.

మాకొక పద్ధతి ఉంది. బయల్దేరేటప్పుడే ఒక్కొక్కరికీ ఒక నంబరు ఇస్తాం. ఆగిన ప్రతిచోటా ఎవరి నంబరు వాళ్లు వరసగా గట్టిగా చెప్పాలి. అందరికంటే వెనక మా కార్యకర్త ఒకరు నడవాలి.

ఆ ఆదివారం నల్లమలకు పదహారు మందిమి వెళ్లాం. వెనక నడవాల్సిన మిత్రుడు జ్వరమొచ్చి రాలేదు. ఒక్కరోజేగా అని నేను ఇంకెవరినీ పెట్టలేదు.

పదకొండో నంబరు సునీతది. మా సెంటర్ కింద కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. అడవికి రావడం అదే మొదటిసారి. వాళ్లమ్మ ఎల్బీ నగర్ దాకా వచ్చి నా చేతులు పట్టుకుంది.

"సారూ, జర పైలం. నాకు గీ పిల్ల ఒక్కతే" అంది. భద్రంగా తీసుకొస్తానని మాటిచ్చాను.

పది గంటలు దాటాక ఒక వాగు దాటి, మనిషెత్తు గడ్డిలో సన్నటి బాట పట్టాం. కాసేపటికి ఆగి నంబర్లు చెప్పమన్నాను. ముందున్న నాకు వెనకవాళ్లు కనిపించరు, వినడమే. ఒకటి నుంచి పదహారు దాకా అన్నీ వినిపించాయి. పదకొండు కూడా. సునీత గొంతే, కాస్త బొంగురుగా ఉంది. పదండి అన్నాను.

అరగంట తర్వాత ఒక బండ మీద కూర్చుని పులిహోర పొట్లాలు పంచాం. ఒక పొట్లం మిగిలిపోయింది.

చూస్తే సునీత లేదు. వచ్చిన దారినే పరుగెత్తాం. సునీత వాగు అవతలి ఒడ్డున రాళ్ల మధ్య కూర్చుని ఉంది. కాలు జారి మడమ వాచిపోయింది. అసలు వాగు దాటనే లేదు.

పన్నెండో నంబరు రాములన్న, రిటైరైన బస్సు కండక్టరు. మరి పదకొండు ఎవరన్నారని ఆయన్ని అడిగాను.

"నా ముంగటి నంబరు ఇనకుంటే పన్నెండు ఎట్లంట సారూ? ముప్పై ఏండ్లు బస్సుల మందిని లెక్కవెట్టినోన్ని. గడ్డిల మనిషి కనవడలే గని, గా పిల్ల గొంతే. నా పక్కపొంటే ఇనొచ్చింది" అన్నాడు.

వేళాకోళానికి ఎవరైనా అన్నారేమోనని ఒక్కొక్కరినీ నిలదీశాను. అందరూ విన్నామన్నారు, అన్నామని ఒక్కరూ చెప్పలేదు.

సునీతకు మంచినీళ్లు తాగించాక నెమ్మదిగా చెప్పింది. "అరిచిన సార్, ఎవరికీ ఇనవడలే. మీరు నంబర్లు చెప్పుడైతే నాకు ఇనవడ్డది. పది కాంగనే నోరు తెరిచిన. గంతలనే నా గొంతుతోని అక్కడ ఎవరో పదకొండన్నరు. ఇగ నన్నెవరూ ఎతకరనుకున్న."

అది విని నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

వాళ్లమ్మకు జరిగిందంతా నేనే చెప్పి, క్షమించమన్నాను. ఆ గొంతు సంగతి మాత్రం చెప్పలేదు. తప్పు నాది. దాన్ని దయ్యం మీదికి నెట్టడం నాకిష్టం లేదు. ఇప్పుడు ఆగిన చోటల్లా వెనకదాకా వెళ్లి, ఒక్కొక్కరి ముఖం చూసి లెక్కపెడతాను. అయినా ఆ రోజు పదకొండు అన్నదెవరో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు.

మూడు నెలలకు సునీత మళ్లీ వచ్చింది. "నా నంబరే నాకియ్యుండ్రి సార్" అంది.

మొదటి మజిలీలో పది అనడం వినగానే వెళ్లి ఆమె ఎదురుగా నిలబడ్డాను. "పదకొండు" అంది. పెదవులు కదలడం నా కళ్లతో చూశాను. అయినా మనసు ఊరుకోక, ఇంకోసారి చెప్పమన్నాను.