ఊ కొట్టిన మధ్యాహ్నం

మా ఇళ్లల్లో కథ అనేది ఒక్కరితో అయ్యే పని కాదు. చెప్పేవాళ్లు ఒకరుంటే ఊ కొట్టేవాళ్లు ఒకరుండాలి. మాట మాటకీ ఊ పడితేనే కథ ముందుకు కదులుతుంది, లేకపోతే అక్కడే ఆగిపోతుంది. ఒక్క కథలకే కాదు. అరకు దగ్గరి అనంతగిరి కొండల్లో మా ఊరి పెద్దలు పొలం గట్టు తగువు తీర్చినా, పిల్ల సంబంధం మాట్లాడినా ఎదుట ఒక మనిషిని కూర్చోబెట్టి ఊ కొట్టించేవాళ్లు. ఆ మనిషి ఊ కొట్టాడంటే విన్నట్టే, తర్వాత నాకు తెలీదనడానికి లేదు. మా అమ్మకు సంతకం రాదు. ఆమె లెక్కలో ఊ అంటే సంతకం కంటే గట్టిది.

నాకు చదువు అబ్బడానికి కూడా ఈ ఊ కొట్టడమే కారణమనుకుంటాను. కదలకుండా కూర్చుని ఒకరి మాట వెంట పోవడం చిన్నప్పుడే అలవాటైంది. ఆశ్రమ పాఠశాలలో చేరాక పుస్తకం వెంట కూడా అలాగే పోయాను. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు, వానలకు ఘాట్ రోడ్డు మీద బండరాళ్లు పడి జీపులు ఆగిపోయిన రోజుల్లో మూడొందల పేజీల నవల రెండు రోజుల్లో ముగించి, మళ్లీ మొదటి పేజీ తీసేదాన్ని. అమ్మ ఎదురుగా వచ్చి కూర్చుని, "ఏటుందే అందులో? నాకూ సెప్పు" అనేది. నేను చదివి చెబుతుంటే ఆమె ఊ కొట్టేది. ఒక్క ఊ తప్పేది కాదు. నేను పేజీ తిప్పేలోపే "ఆ పిల్ల ఏటయిపోనాది మరి? బేగి సెప్పు" అని తొందరపెట్టేది.

పెద్దయ్యాక టీచరునయ్యాను. ఉద్యోగం మా ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలోనే. నాన్న అప్పటికే లేడు, అక్క పెళ్లయి చింతపల్లి వైపు వెళ్లిపోయింది. ఇంట్లో అమ్మా నేనూ మిగిలాం. ఇంతలో కొండ మీద సెల్ టవరు వేశారు. ఫోను నేను సరదాకి కొనలేదు. పిల్లల హాజరు యాప్‌లో వెయ్యాలి, మధ్యాహ్న భోజనం ఫోటో తీసి పంపాలి, అందుకని కొన్నాను. ఏకై వచ్చింది, మేకై కూర్చుంది. ఫోటో పంపుదామని తెరిస్తే ఒక వీడియో కనిపించేది, అది అయ్యేలోపు ఇంకొకటి.

ఏం చూసేదాన్నో చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్పాలి. ఎక్కడో ఎవరో మట్టి కొట్టుకుపోయిన తివాచీలు కడుగుతుంటారు. నీళ్లు, నురగ, గీకుడు, చివరికి అడుగున ఉన్న రంగు బయటపడుతుంది. మా ఇంట్లో తివాచీ లేదు, ఆ మాటకొస్తే మా ఊళ్లో ఎవరింట్లోనూ లేదు. అయినా అలాంటివి కొన్ని వందలు చూశాను. నవల తెరిస్తే మాత్రం రెండు పేరాలు దాటేసరికి చెయ్యి తనంతట తనే ఫోను కోసం వెళ్లేది. చదివిన పేజీయే మళ్లీ చదివి, ఎవరు ఎవరికి ఏమవుతారో గుర్తు రాక పుస్తకం మూసేసేదాన్ని. బడిలో మాత్రం సుద్దముక్క ఊపుతూ "మనసు ఎక్కడ పెట్టుకున్నార్రా?" అని పిల్లల మీద విరుచుకుపడేదాన్ని. ఆ మాట అడగాల్సింది నన్ను.

ఆ ఏడు కాఫీ బాగా కాసింది. డిసెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం, వాకిట్లో టార్పాలిన్ పరిచి, ఎండిన గింజల్లోంచి నల్లవీ పుచ్చువీ ఏరుతున్నాం. ఏరుతున్నాం అంటే అమ్మ ఏరుతోంది. నా కుడిచెయ్యి గింజల్లో ఉంది, ఎడమచేతిలో ఫోను ఉంది. చేతికి పని తగిలితే అమ్మకు కథ రావడం మామూలే. తమ్ముడిని వెతుక్కుంటూ కొండెక్కిన ఒక పిల్ల కథ ఎత్తుకుంది. ఆ కథ నాకు అంతవరకే తెలుసు. నేను ఊ కొడుతూనే ఉన్నాను. నాలుక దాని పని అది చేసుకుపోతోంది, నేను తివాచీల దగ్గర ఉన్నాను. ఎండ తగ్గాక అమ్మ గింజలు గోనెలోకి ఎత్తి లోపలికి వెళ్లింది. ఆ రోజు గురించి నాకు గుర్తున్నది ఇంతే.

మార్చిలో మిరియాలు కోసే రోజుల్లో అమ్మ నిచ్చెన ఎక్కలేనంది. ఎడమచెయ్యి బరువుగా ఉందంది. "పని తప్పించుకోడానికి ఏసాలా అమ్మా?" అని వేళాకోళం చేశాను. రవిక చెయ్యి బిగుసుకుపోతోందని ఆమె విప్పబోతే సాయం పట్టాను. అప్పుడు చూశాను. చంకలో కోడిగుడ్డంత గడ్డ.

మర్నాడు పొద్దున్నే జీపులో అరకు తీసుకెళ్లాను. అక్కడివాళ్లు చూసి విశాఖ పంపారు. విశాఖ ఆసుపత్రిలో డాక్టరమ్మ నా కంటే చిన్నది. గడ్డను వేళ్లతో ఒత్తి చూసి, "ఇది ఎన్నాళ్లుగా ఉందమ్మా?" అని అడిగింది.

"సలికాలం ముందు నుంచీ ఉంది. అప్పుడు సిన్నది, సింతగింజంత."

"అప్పుడే ఎందుకు రాలేదు? ఇంట్లో ఎవరికీ చెప్పలేదా?"

అమ్మ నన్ను చూపించింది. "మా గుంటకి సెప్పినాను గదా."

నాకు ఒళ్లు మండిపోయింది. "నాకెప్పుడు సెప్పినావమ్మా? అబద్దాలాడకు!" అని అంతమందిలో గట్టిగా అరిచాను. అమ్మ నా మొహంలోకి చూసింది. నేను నిజంగానే ఎరగనని ఆమెకు అప్పుడే అర్థమైనట్టుంది. డాక్టరమ్మ వైపు తిరిగి, "నేదు తల్లీ. సెప్పనేదు. ముసిల్దాన్ని, మరుపు. నానే ఎవులికీ సెప్పనేదు" అంది. డాక్టరమ్మ ఆ మాట కాగితం మీద రాసుకుంది.

నేను అక్కడితో వదిలిపెడితే నేనెందుకవుతాను? తిరుగు బస్సులో మళ్లీ నిలదీశాను, నాకు చెప్పానని డాక్టరమ్మతో ఎందుకన్నావని. అమ్మ కిటికీ వైపు తిరిగింది. ఇక విడిచిపెట్టనని తెలిసి చెప్పింది.

"గింజలేరిన నాడు కత మధ్యలో సెప్పినాను. సంకలో గడ్డ తగుల్తంది, రెండు నెల్లయింది, ఏటో సూడు అన్నాను. ఊ అన్నావు. ఇంకోపాలి సెప్పినాను. దానికీ ఊ అన్నావు."

"మరి నేనేటీ అడక్కపోతే మల్లీ సెప్పాల గదా?"

"ఊ అన్నాక మల్లీ ఏటి సెప్తానే? సదువుకున్న గుంటవి. నువ్వు బయపడనేదు. ఆస్పత్రికి పోదామన్నేదు. అయితే ఇది ఏటీ కాదు కామోసు అనుకున్నాను. నాకు దయిర్నమొచ్చింది."

ఆ చివరి మాట దగ్గర నేను ఇప్పటికీ ఆగిపోతాను. నా నిర్లక్ష్యాన్ని చూసి మా అమ్మ ధైర్యం తెచ్చుకుంది. నేను బస్సులోనే ఏడ్చేశాను. ఆమె వాచిన చేత్తోనే నా వీపు నిమిరి, "పోన్లే, కావాలని సేసినావా ఏటి" అంది. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

క్యాన్సరని, ఆలస్యమైందని డాక్టర్లు చెప్పారు. అయినా వేసవంతా ఆసుపత్రి చుట్టూ తిరిగాం. ఆ నెలల్లో బడిలో తప్ప ఫోను ముట్టుకోలేదు. ఇంటికి రాగానే దాన్ని ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసి అమ్మ పక్కన కూర్చునేదాన్ని. చెప్పడానికే గుండె పగులుతోంది, అప్పుడు కూడా రెండు నిమిషాలకే నా మనసు ఎటో పోయేది. ఫోను పెట్టెలో ఉంది, దాని అలవాటు నాలో ఉంది. ఆమె నీళ్లడిగితే రెండోసారికి గానీ వినిపించేది కాదు. ఒకరోజు సిగ్గు విడిచి ఆ పిల్ల కథ మళ్లీ చెప్పమని అడిగాను. "ఒకపాలి సెప్పినాను గదే" అని నవ్వింది. చెప్పడానికి ఊపిరి చాలలేదు.

వానలు పడి చోళ్ల నారు నాటే రోజుల్లో అమ్మ పోయింది.

పెద్దదినం నాడు అక్క ఆసుపత్రి ఫైలు ముందేసుకుని కూర్చుంది. తను పదో తరగతి దాకా చదివింది. ఇంగ్లీషు కాగితాలు కూడబలుక్కుంటూ ఒక వాక్యం దగ్గర ఆగింది. జబ్బు సంగతి రోగి ఇంట్లో ఎవరికీ చెప్పలేదని డాక్టరమ్మ రాసిన వాక్యం అది.

"ఎంత మొండిదే అమ్మ! ఒక్కలికి సెప్పుంటే బతికేది గదా! పక్కనే ఉన్నావు, నీకైనా సెప్పాల గదా!" అని అక్క గుండెలు బాదుకుంది. వచ్చిన చుట్టాలందరూ అవునవునన్నారు. నేను గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాను. ఇవాళ్టికీ మా ఊళ్లో అమ్మ ప్రస్తావన వస్తే, జబ్బు దాచుకుని ప్రాణం మీదకి తెచ్చుకున్న మొండి మనిషి అనే అంటారు.

అక్క ఎదుట నిలబడి చెప్పే ధైర్యం లేక ఇది రాస్తున్నాను. అమ్మ ఏమీ దాచలేదక్కా. రెండుసార్లు చెప్పింది. నాకే చెప్పింది.