మెత్తబడేదాకా

మైదుకూరు బట్టలంగట్లో అందరూ చీర ఎన్నాళ్లు మన్నుతుందని అడిగేవాళ్లు. మా మేనత్త మాత్రం కొంగును పిడికిట్లో నలిపి, చెంపకు రుద్దుకుని, "ఇది ఎప్పటికి మెత్తబడుతాదప్పా?" అని అడిగేది.

"మా సరుకు అంత తొందరగా నలగదులేమ్మా," అని అంగడాయన గొప్పగా చెప్పేవాడు. ఆ మాటతో ఆమె ఆ చీర పక్కన పెట్టేసేది.

ఆమెకు బొంతలు కుట్టడం సరదా. బొంతకు కట్టి కట్టి నలిగిన నూలుచీరే కావాలి. కొత్త గుడ్డ పసిబిడ్డ ఒంటికి గరుకు. ఇంట్లో మేమంతా పాలిస్టరుకు మారాక పాత నూలు దొరకలేదు. అందుకే కొత్త చీరలు కొని, తానే కట్టి, ఉతికి, మెత్తబరిచేది. పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించడం నా పని.

నేను నెల తప్పానని తెలిసిన వారమే ఆకుపచ్చ చీర ఒకటి కొన్నది. దాని గంజి పోకముందే మంచం పట్టింది. కడప ఆసుపత్రికి చూడబోతే, నా చెయ్యి పట్టుకుని, "పాపా, ఆ చీర నువ్వు కట్టుకో. పెట్లో పెడితే మెత్తబడదు," అంది.

"నువ్వే వచ్చి కట్టుకుందువులే అత్తా," అన్నాను.

"నాకింక యాడ టైముండాది?"

కట్టుకున్నాను. ఆమె పోయాక కూడా కట్టుకుంటూనే ఉన్నాను. నెలలు నిండేసరికి అది చెంపకు తగిలినా తెలియనంత మెత్తబడింది. మొన్న దాన్ని మడతలు పెట్టి ఒళ్లో పరుచుకుని, సూదిలో దారం ఎక్కించాను. ఆ తరవాత ఏం చేయాలో నాకు తెలియదు.