ఎర్ర బొట్టు, నీలి బొట్టు

శ్రీకాళహస్తిలో ప్లంబర్ పీరా సాహెబ్‌కు ఒక పిచ్చి ఉందని అందరూ అంటారు. కొత్త కుళాయి బిగించాక కళ్లు గట్టిగా మూసుకుని ఎడమ పక్క తిప్పి చూస్తాడు, కుడి పక్క తిప్పి చూస్తాడు. చన్నీళ్లు వచ్చే పక్క చేతిని ధార కింద అలాగే ఉంచి వంద దాకా లెక్కపెడతాడు. "ఏం సాయిబూ, నిద్రపోతాండావా?" అని ఎగతాళి చేస్తే నవ్వేసి ఊరుకుంటాడు. కళ్లు మూసుకున్నప్పుడల్లా ఆయనకు కాలిపోయి బొబ్బలెక్కిన ఒక ముసలామె భుజం కనిపిస్తుంది. ఆ భుజాన్ని ఆయన ఎన్నడూ చూసి ఎరగడు. ఊరందరికీ గీజర్లు బిగించే మనిషి తన ఇంట్లో మాత్రం వద్దంటాడు. భార్య ఆయిషా బీ ఇప్పటికీ పొయ్యి మీదే నీళ్లు కాచుకుంటూ మొగుణ్ణి దెప్పుతుంటుంది.

మూడేళ్ల కిందటి మాట. నర్సుగా చేసే స్టెల్లా కొత్త ఇల్లు కట్టుకుంది. స్నానాల గదికి గొట్టాలు వేసింది పీరా సాహెబే. గదిలో మేస్త్రీ నేల పని చేస్తున్నాడని, గోడకు అవతల వంటింటి వైపు నుంచి గాడి కొట్టి గొట్టాలు దింపాడు. గోడ వెనక నిలబడితే ఎడమ కాస్తా కుడి అవుతుంది. పనిలో ముప్పై ఏళ్లు ముదిరిన చెయ్యి, ఆ రోజు ఆ సంగతే మరిచిపోయింది. పైన టైల్సు అతికించేశారు.

వేడినీళ్లూ చన్నీళ్లూ కలిపే రెండు పిడుల మిక్సర్ బిగిస్తుండగా స్టెల్లా తల్లి సంతోషమ్మ గోడ తడుముకుంటూ వచ్చింది. ఆమెకు చూపు పోయి చాలా కాలమైంది.

"ఉడుకునీళ్లు యా పక్కప్పా? నాకు సన్నీళ్లే అలవాటు. ఆ పక్క పోకుండా ఉంటా."

"ఎడమ పక్కమ్మా. ఏ ఇంట్లో అయినా అంతే."

ఆమె రెండు పిడులనూ తడిమి గుర్తు పెట్టుకుని వెళ్లింది. తర్వాత నీళ్లు వదిలి చూస్తే వేడి కుడి పక్క వచ్చింది. మర్నాడే గృహ ప్రతిష్ఠ ప్రార్థన. పాస్టరు వస్తాడు, చుట్టాలు వస్తారు. ఇప్పుడు టైల్సు పగలగొడితే తన పరువేం కాను? పిడుల మీద వేడికి ఉన్న ఎర్ర బొట్టు, చల్లకు ఉన్న నీలి బొట్టు ఊడదీసి అటుది ఇటు, ఇటుది అటు నొక్కేశాడు. కళ్లున్నవాళ్లకు అది చాలు. ముసలామెకు చెప్పి పోదామనుకుంటే ఆమె పక్కింట్లో ఎవరితోనో మాట్లాడుతోంది. రేపు చెప్పొచ్చులే అనుకున్నాడు. పీరా సాహెబ్ చెడ్డవాడు కాడు, బద్ధకస్తుడూ కాడు. ఆ సాయంత్రం మాత్రం రెండూ అయ్యాడు.

ఆ రేపు రానేలేదు. పదో రోజున స్టెల్లా, రోజూ పోతూ ఆపే గీజర్‌ను ఆపడం మరిచి డ్యూటీకి పోయింది. సంతోషమ్మ షవర్ కింద పీట వేసుకుని, కుడి పిడి తిప్పి, చెయ్యి పెట్టి చూసుకుంది. గొట్టంలో నిలవున్న నీళ్లు గదా, చల్లగానే వచ్చాయి. నిశ్చింతగా కూర్చుంది. ఆ వెనకే కాగిన నీళ్లు దిగాయి.

హార్డ్‌వేర్ అంగట్లో ఎవరో చెప్పుకుంటుంటే పీరా సాహెబ్ విన్నాడు. "పాపం, ఎడమేదో కుడేదో తెలీక ముసలామె తప్పుగా తిప్పుకున్నాదంట. వీపూ భుజమూ కాలిపోయినాయంట."  కొన్న టేపు చుట్ట తీసుకుని ఇంటికి పోయాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఈ ఏడు స్టెల్లా ఫోన్ చేసింది. షవర్‌కు ఉప్పు పట్టి నీళ్లు రావడం లేదట. రానని చెప్పడానికి సాకు దొరకలేదు. పోయి, షవర్ విప్పి, రంధ్రాల్లో గడ్డకట్టిన ఉప్పు గీకి కడిగాడు. సంచి సర్దుకుంటుంటే బయట తల్లిని కసురుతున్న స్టెల్లా గొంతు వినబడింది.

"నేనొచ్చి పోసేదాకా ఆగు మా. నువ్వు తిప్పుకుంటే ఏమైతాదో తెలుసు గదా."

"అవును పాపా, నా చెయ్యే మంచిది గాదు."

పీరా సాహెబ్ బయటికి వచ్చాడు. సంచి కింద పెట్టి ఇద్దరి ముందూ నిలబడ్డాడు. గోడ వెనక నుంచి గొట్టాలు వేసింది, బొట్లు మార్చింది, రేపటికి వాయిదా వేసింది అంతా చెప్పేశాడు.

"అమ్మ చెయ్యి సరిగ్గానే పోయినాది. తప్పు నాది."

స్టెల్లా అరవలేదు. "మూడేండ్లుగా మా అమ్మను తిడతాండాను సాయిబూ" అని లోపలికి పోయింది. అరిచి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకు.

మర్నాటి సాయంత్రానికి టైల్సు పగలగొట్టి గొట్టాలు మార్చి కలిపాడు. బొట్లు వాటి చోట్లకు వచ్చాయి. సంతోషమ్మను పిలిచాడు. ఆమె గోడకు ఆనుకుని, చాలాసేపటికి కుడి పిడి తిప్పి చెయ్యి చాచింది. చన్నీళ్లు పడ్డాయి. ఆయన మనసులో వంద లెక్కపెట్టాడు. ఆమె చెయ్యి తియ్యలేదు, ముందుకీ జరగలేదు. రెండు వందలయింది.

"ఇంగ ఎప్పుడు కాగుతాయప్పా?" అంది.

"కాగవమ్మా. ఇవి సన్నీళ్లే."

"ఆ పొద్దు గూడా ఇట్లే సల్లగా వచ్చినాయి."

 పీరా సాహెబ్ తన చేతిని కూడా ఆమె చేతి పక్కన నీళ్లలో పెట్టాడు. మిద్దె మీది ట్యాంకు ఖాళీ అయ్యి ధార ఆగిపోయేదాకా ఇద్దరూ అలాగే నిలబడ్డారు. సంతోషమ్మ గోడను వదల్లేదు.