ఒంటరి సర్వసభ్య సమావేశం

కారుతున్న పెంకుల కప్పు గురించి నాలుగు ముక్కలు రాయబోయి, ప్రాణస్నేహితుణ్ణి దుబాయికి బదులు జైలుకు పంపబోయిన ఘనుడి కోసం మీరు ఎక్కడా వెతకనక్కర్లేదు. ఇక్కడే ఉన్నాను. నవ్వొస్తే ఆపుకోకండి. నన్ను చూసి నవ్వడానికి మా ఊళ్లో ఇప్పటికీ ఎవరూ అనుమతి అడగరు.

మాది కోరుట్లకూ మేడిపల్లికీ నడుమ ఓ ఊరు. డిగ్రీ చేతికొచ్చి, ఉద్యోగం రాక, ఖాళీగా తిరుగుతున్నాడని అనిపించుకోవడం ఇష్టంలేక గ్రంథాలయ సంఘం పెట్టి దానికి నేనే కార్యదర్శినయ్యాను. ఓ పెంకుటిల్లు, రెండు బెంచీలు, వానకు తడిసి పూరీల్లా పొంగిన పుస్తకాలు. ఇదీ మా ఆస్తి. రిజిస్టరు చేయిస్తే సర్కారు ఇనుప బీరువా ఇస్తుందని ఎవరో అన్నారు. నిజాం కాలపు ఫసలీ చట్టం కింద ఆ పనీ చేయించాను. బీరువా ఇప్పటికీ రాలేదు గాని, ఏటేటా తప్పని ఓ తద్దినం మాత్రం వచ్చింది. సర్వసభ్య సమావేశం జరపాలి. ఆ చర్చలూ తీర్మానాలూ, కార్యవర్గం పేర్లూ, జమాఖర్చుల పట్టీ గడువులోగా రిజిస్ట్రారు ఆఫీసుకు పంపాలి.

జమాఖర్చులతో పేచీ లేదు. జమ లేదు కాబట్టి ఖర్చూ లేదు. చిక్కంతా సమావేశంతోనే. పోలీసులొచ్చినా, అడవిలోంచి అన్నలొచ్చినా అడిగే మొదటి ప్రశ్న "ఎవలెవలు కూడిండ్రు?" అన్నదే అయిన రోజులవి. మా ఊళ్లో నలుగురు కూడేది పెళ్లికీ చావుకే. పెళ్లిలో కూడా గబగబా తిని చెయ్యి కడుక్కునేవారు. 'సంఘం మీటింగు' అంటే చాలు, అరుగుల మీదివాళ్లు ఇళ్లలోకి, ఇళ్లలోవాళ్లు పెరట్లోకి. మా సభ్యుల్లో సగం మంది గల్ఫులో ఉన్నారు. మిగతా సగం ఊళ్లోనే గల్ఫంత దూరంలో ఉన్నారు.

గడువు ముంచుకొచ్చింది. మా వంటింటి గడప మీద కూర్చుని సమావేశం కానిచ్చేశాను. సర్వమూ నేనే, సభ్యుణ్ణీ నేనే. మధ్యలో అమ్మ పిలిచి మక్క కంకులు ఒలవమంటే ఒలిచి, దాన్ని 'తేనీటి విరామం' అని నమోదు చేశాను.

అక్కడితో ఆగినా బాగుండేది. కప్పు బాగు చేయించాలని ఒక్క వాక్యం చాలు. కాని నేను అచ్చుకాని రచయితను. అలాంటివాడికి తెల్లకాగితం దొరికితే ఏమవుతుందో మీకు తెలుసు. పైగా మా ఊరి గోడల నిండా అన్నల ఎర్రక్షరాల నినాదాలే. నేను చదివిన వచనంలో ముప్పాతిక గోడల మీదిదే. శైలి అంటుకోకుండా ఎలా ఉంటుంది? అసలు సమస్య కోతులు. అవి పెంకులు పీకేసేవి, వాన లోపలికొచ్చేది. దాన్ని నేను ఇలా రాశాను:

'సభ్యులు శ్రీ రాజేశం ఆవేశంగా ప్రసంగిస్తూ, ఈ కుళ్లిన కప్పుకు అతుకులు వేసి లాభం లేదని, దాన్ని కూకటివేళ్లతో పెకిలించాలని, కోతుల దౌర్జన్యాన్ని ఎదిరించి కడదాకా పోరాడాలని పిలుపునిచ్చారు. హర్షధ్వానాలు.'

కప్పుకు కూకటివేళ్లేమిటని అడక్కండి. నన్నెవరూ అప్పుడు అడగలేదు. రాజేశం నా చిన్ననాటి దోస్తు. సిరిసిల్లలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసేవాడు. ఆ చప్పుడులో ఉండి ఉండి మాటకన్నా సైగే ఎక్కువ అలవాటైన మనిషి. దోస్తు కదా, మంచి ప్రసంగం ఒకటి ఇద్దామనుకున్నాను. అంతే.

కాగితాలు పంపాను. నకలు మీద ముద్ర పడి తిరిగొచ్చింది. మర్చిపోయాను.

కొన్నాళ్లకు రాజేశానికి దుబాయి వీసా కుదిరింది. నెలలోపు పాస్‌పోర్టు చేతికి రాకపోతే వీసా ఇంకొకరికి పోతుందని జగిత్యాల ఏజెంటు తేల్చి చెప్పాడు. మిగిలింది పోలీసుల విచారణ ఒక్కటే. ఠాణాకు పిలిచి, ఏదైనా సంఘంలో ఉన్నావా అని అడిగితే వాడు నిజాయితీగా ఉన్నానన్నాడు. సంఘమంటే అన్నల సంఘమేననుకుని ఎస్సై కళ్లు చిన్నవి చేశాడట. సంగతి తెలిసి, నేనున్నానని రొమ్ము చరుచుకున్నాను. మాది రిజిస్టర్డ్ సంఘమని చూపిస్తే క్షణంలో తేలిపోతుందని ధైర్యం చెప్పి, ముద్రపడిన ఆ ఫైలు చంకన పెట్టుకుని రాజేశాన్ని వెంటబెట్టుకు వెళ్లాను. మరోసారి చదివి చూసుకోవాలన్న ఆలోచన మాత్రం రాలేదు.

ఎస్సై చదివాడు. మళ్లీ చదివాడు.

"పెంకుల గురించి ఎవడన్న గిట్ల మాట్లాడుతడా?" అన్నాడు.

ఎస్సై వేలు తర్వాతి మాట మీద ఆగింది.

"గీ కోతులంటే ఎవలు?"

"కోతులే సార్. రోజూ పెంకులు పీకుతయి."

"పేర్లున్నయా వాటికి?"

నువ్వు ఈ మాటలు అన్నావా అని ఎస్సై రాజేశాన్ని అడిగితే, "నాకు ఎరుకనే లేదు సార్" అన్న నాలుగు మాటలకు వాడు నాలుగుసార్లు ఊపిరి తీసుకున్నాడు. అయితే సంతకం పెట్టి సర్కారుకు పంపింది అబద్ధమా అని ఎస్సై నా వైపు తిరిగాడు. ఇప్పుడు చూడండి నా పరిస్థితి. సమావేశం జరిగిందంటే రాజేశం పోతాడు. జరగలేదంటే నేను పోతాను. రాజేశం నా వైపు చూడనైనా చూడలేదు. ఆ చూడకపోవడమే నన్ను పడగొట్టింది.

"రాజేశం ఏమీ అనలే సార్. ఎవరూ ఏమీ అనలే. మీటింగు మా ఇంట్లనే అయింది."

"ఎంతమంది అచ్చిండ్రు?"

"నేనొక్కణ్ణే."

ఎస్సై ఫైలు మూసి నన్ను తేరిపార చూశాడు. "అంటే ఒక్కనివే కూసొని, ఒక్కనివే ఆవేశపడి, ఒక్కనివే చప్పట్లు కొట్టుకున్నవా?"

"చప్పట్లు కొట్టలే సార్. రాసుకున్న."

మూలనున్న కానిస్టేబుల్‌కు దగ్గు తెర వచ్చింది. అది దగ్గు కాదని మాకందరికీ తెలుసు. ఎస్సై మాత్రం నవ్వలేదు. ఆదివారం నిజమైన మీటింగు పెట్టాలన్నాడు. కానిస్టేబుల్ వచ్చి కూర్చుంటాడు, రాజేశం ఎలా మాట్లాడతాడో చూస్తాడు, దాన్నిబట్టే విచారణ రిపోర్టు.

నేను బతిమాలితే రాని జనం, ఎస్సై పెట్టమన్నాడనగానే రాకుండా ఉండే ధైర్యం లేక విరగబడ్డారు. సభ్యత్వం లేనివాళ్లు కూడా ఎందుకైనా మంచిదని వచ్చి కూర్చున్నారు. కోరం నిండి గుమ్మం దాకా పొర్లింది. కానిస్టేబుల్ బెంచీ మీద కలం తీసి పట్టుకున్నాడు. రాజేశం లేచాడు. వాడి దుబాయి వాడి నాలుక చివర వేలాడుతోందని అందరికీ తెలుసు. కప్పు మీద కోతి నడిచినా వినపడేంత నిశ్శబ్దం.

"కప్పు కారుతంది. పెంకులు ఎయ్యాలె," అన్నాడు వాడు.

కానిస్టేబుల్ రాసుకుని, ఇంకేమైనా ఉందా అని తలెత్తాడు.

"ఉన్నది," అన్నాడు రాజేశం. ఈసారి నా వైపే వేలు చూపాడు. "గీని చేతికి ఇగ కలం ఇయ్యకుండ్రి."

సంఘం చరిత్రలో మొదటిసారి నిజమైన హర్షధ్వానాలు మోగాయి. తీర్మానం ఏకగ్రీవం. ఓటు లేని కానిస్టేబుల్ కూడా చెయ్యెత్తాడు. రాజేశానికి సమయానికి పాస్‌పోర్టు వచ్చింది. ఆ ఏడు రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లిన తీర్మానాలు పోలీసు దస్తూరీలో, మూడంటే మూడు వాక్యాల్లో ఉన్నాయి. మా సంఘం దాఖలు చేసినవాటిలో అంత శుభ్రమైన కాగితం మరొకటి లేదని నా కుర్చీలోకి వచ్చిన కొత్త కార్యదర్శి ఇప్పటికీ అంటాడు.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నెత్తిన కప్పు కాదు, ఆకాశమే కారినా సరే, మనిషి అనని మాట వాడి నోట్లో పెట్టను. రాకపోతే రాలేదని రాస్తాను, మాట్లాడకపోతే మాట్లాడలేదని రాస్తాను. హర్షధ్వానాలంటారా, అవి మీ ఇష్టం.