గడ్డకట్టని పాలు

ఇండోనేషియాలోని జోగ్జా ఊరి సందుల్లో ఐస్‌క్రీం అమ్మే దార్మిన్ తాత వేళ్లు ఉప్పుకి తెల్లగా పగిలిపోయి ఉంటాయి. చెక్క పీపాలో ఐసుముక్కలు, వాటి మీద కల్లుప్పు, నడుమ కొబ్బరిపాల రేకుడబ్బా. ఉప్పు పడ్డ ఐసు కరుగుతూనే ఇంకా చల్లబడి పాలని గడ్డకట్టిస్తుంది. డబ్బాని అటూ ఇటూ తిప్పుతుంటే పాలు అంచులకి పేరుకోవడం ఆయన అరచేతికే తెలుస్తుంది. అప్పుడు పిల్లల్ని పిలవడానికి జేగంట అందుకుంటాడు. పాలు కాచి చక్కెర కలపడం మాత్రం భార్య తుమిరా పని. పెళ్లైన నాటి నుంచీ అంతే.

ఆవేళ పక్కింటి పెళ్లిలో ఎంత తిప్పినా పాలు పేరుకోలేదు. గుప్పిళ్లకొద్దీ ఉప్పు పోశాడు. భుజాలు పీకేస్తున్నాయి. "ఏం తాతా, ఐస్‌క్రీమా, పాయసమా? చుట్టాలు చెప్పులేసుకుంటున్నారు!" అన్నాడు బాతిక్ అద్దకపు చొక్కా వేసుకున్న పెళ్లికొడుకు మేనమామ. "ఉప్పులో పస లేదయ్యా, తప్పు నాదే," అంటూ దార్మిన్ పాలు చెంచాతో రుచి చూశాడు. ఒక్క చుక్కకే మొహం మొత్తింది. అంత చక్కెర కలిస్తే ఎంత ఉప్పు పోసినా గడ్డకట్టవు. రెండుసార్లు వేసింది! మొన్న తుమిరా ఇంటి దారి తప్పితే ఎండదెబ్బ అనుకున్నాడు. మూత బిగించి మళ్లీ తిప్పసాగాడు, ఆపితే అది నిజమైపోతుందన్నట్టు. ఇంతలో తుమిరా చక్కెర గిన్నెతో పరుగున వచ్చింది.

"చక్కెర వెయ్యడం మర్చిపోయానండీ. మూత తియ్యండి."

ఆయన మూత తీశాడు.